మడమకు తెలియని తడి

ఆ పది రోజుల్లో మా బాబాయి ఒకచోట కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని గుమ్మం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి తిరుగుతూ తినేవాడు. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని పిన్ని విసుక్కుంటే వినిపించుకునేవాడు కాదు.

బాబాయి స్టేడియంలో పిచ్ చూసే మనుషులకు హెడ్డు. రోలరు లాగే పనితో చేరి, ఇరవై రెండేళ్లకు అక్కడిదాకా వచ్చాడు. నేను అదే మైదానంలో కలుపు తీసే ఆడవాళ్లలో ఒకదాన్ని. అమ్మ మంచం పట్టడంతో తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ పోయాక బాబాయే ఇంటికి తెచ్చుకుని ఈ పనిలో పెట్టించాడు. మేం ఐదుగురం వరసగా మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిలో మొలిచే పిచ్చిమొక్కలు పీకుతూ బౌండరీ నుంచి లోపలికి జరుగుతాం. పిచ్ దగ్గర తాడు కట్టి ఉంటుంది. అది దాటకూడదు.

తడి కొలిచే పరికరం ఒకటి కమిటీ వాళ్లు కొనిచ్చారు గానీ బాబాయి దాన్ని పెట్టెలోంచి తియ్యనే లేదు. ఆయన పద్ధతి వేరు. చెప్పులు విప్పి పిచ్ మీదికి వెళ్లి, కుడి మడమ నేలకు ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి కాసేపు నిలబడతాడు. ఇంకో డబ్బా నీళ్లంటాడు, లేకపోతే చాలంటాడు. ఆయన చాలన్నాక మళ్లీ అడిగేవాళ్లు లేరు.

ఆ ఏడాది మన దేశం జట్టుకూ పైదేశం జట్టుకూ మూడు వన్డేల సిరీస్ పెట్టారు. మొదటిదీ మూడోదీ మా మైదానంలోనే. మొదటి మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం నేను తాడుకు పది బారల దూరంలో కలుపు తీస్తున్నాను. పెవిలియన్ వైపు, బంతి నేలకు తగిలే చోట, బాబాయి చిల్లుల డబ్బాతో రెండుసార్లు నీళ్లు పోయించాడు. మడమ ఆనించి చూసి, ఇంకా పొడిగానే ఉందని మళ్లీ రెండు పోయించాడు. కాలు తీసినచోట మెత్తటి మట్టిలో చిప్పలాంటి గుంట పడింది. దాన్ని అరచేత్తో సర్దేసి, రోలరు తిప్పమన్నాడు.

ఆయన ఇవతలికి వచ్చాక గడ్డి మీద రక్తం కనిపించింది. రేకుముక్క ఒకటి ఆయన మడమలో సగందాకా దిగి ఉంది. కాలు చూసుకో బాబాయ్ అన్నాను. చూసుకుని, వేరేవాళ్ల కాల్లోంచి తీసినట్టు దాన్ని పీకి పారేశాడు. ఆరేళ్లుగా ఆయనకు షుగరు.

గుంట సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నోట్లో నాలుక లేని పిల్లనని నాకు పేరు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషికి నేనేం చెప్తాను?

మర్నాడు మన కెప్టెన్ టాస్ గెలిచి వాళ్లను బ్యాటింగ్ చెయ్యమన్నాడు. పెవిలియన్ వైపు పడ్డ బంతి ఒకటి గొంతు మీదికి లేస్తే, తర్వాతది చీలమండ పక్కనుంచి పాక్కుంటూ పోయింది. తొంభై ఒక్క పరుగులకు వాళ్ల పని అయిపోయింది. మధ్యలో ఒక బంతి ఎగిరి వాళ్ల కుర్రాడి రెండు వేళ్లు విరగ్గొట్టింది. చెయ్యి చంకలో ఇరికించుకుని, పెదవులు బిగబట్టి, అతను మేం కూర్చున్న కంచె పక్కనుంచే లోపలికి వెళ్లాడు. నా వయసే ఉంటుంది.

మనవాళ్లు గెలిచారు. బాబాయిని ఆకాశానికెత్తేశారు. ఏం మందు పెట్టావయ్యా అని సెక్రటరీగారు భుజం మీద చెయ్యి వేశారు. టీవీ వాళ్లు మైకు పెడితే బాబాయి నీళ్లు నమిలి, అంతా నేలదేనండి అన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం, బంతి ఎందుకలా లేచిందో అంతుచిక్కడం లేదని పిన్నితో అన్నాడు.

రెండో మ్యాచ్ ఇంకో ఊళ్లో వాళ్లు గెలిచారు. సిరీస్ ఎవరిదో మా మైదానంలోనే తేలాలి. సెక్రటరీగారు వచ్చి, మొన్నటిలాంటి పిచ్చే కావాలని చెప్పి వెళ్లారు. బాబాయి అలాగే సార్ అన్నాడు. అన్నాడు గానీ ఆ మందేమిటో ఆయనకే తెలియదు. ఇక అప్పటినుంచి తిరుగుడే. మట్టి తెచ్చిన బండివాణ్ణి పట్టుకుని ఆరా తీశాడు. రోలరు బరువు మీద అనుమానపడ్డాడు. మాట మధ్యలో లేచిపోయి మైదానానికి వెళ్లి వచ్చేవాడు.

నాకు తెలుసు. మూడు రోజులు కలుపు పీకుతూ ఆ మాటే కూడదీసుకున్నాను. తీరా ఆయన ఎదురుపడితే తల దించుకుని ఇంకో మొక్క పీకేదాన్ని. మాలో రేడియో అక్క అని ఒకావిడ ఉంది. లోకంలో వార్తలన్నీ ముందు ఆమెకే తెలుస్తాయి. వేళ్లు విరిగిన కుర్రాడికి ఆపరేషన్ చేశారట, ఈ ఏడాదికి ఇక బ్యాటు పట్టలేడట అని ఆమె చెప్పింది. మ్యాచ్‌కు ఇంకా రెండు రోజులుంది. సరిగ్గా అప్పుడే బాబాయి పెవిలియన్ వైపు చూపించి, గుడ్డి లెక్కన ఇంకో నాలుగు డబ్బాలు పొయ్యమన్నాడు.

లేచి తాడుదాకా నడిచాను.

"బాబాయ్, ఆ రోజు నేల తడిగానే ఉంది. నీ మడమకే తెలియలేదు."

డబ్బా పట్టుకున్న టోపీ అన్న అక్కడే ఆగిపోయాడు. పిచ్ పనిలో ఆయన బాబాయి తర్వాతివాడు. నిద్రలో కూడా టోపీ తియ్యడని అందరూ నవ్వుతారు.

"కలుపు పీకేదానివి, నాకు పిచ్ నేర్పుతావా?" అన్నాడు బాబాయి.

"కాలు తీసినచోట గుంట పడితే చేత్తో సర్దావు. రేకుముక్క దిగినా తెలియలేదు కదా నీకు."

పో, నీ వరసలోకి పో అన్నాడు. వెళ్లిపోయాను. కానీ ఆ నాలుగు డబ్బాలు పోయించలేదు.

సాయంత్రం ఇంట్లో రెండు చెంబులు తెమ్మన్నాడు. ఒకదాంట్లో చన్నీళ్లు, ఒకదాంట్లో వేణ్ణీళ్లు. తను గోడవైపు తిరిగి, ఏదో చెప్పకుండా కాలి మీద పొయ్యమన్నాడు. ఇదేం చిన్నపిల్లల ఆటని పిన్ని నవ్వుతూనే పోసింది. చన్నీళ్లు అన్నాడు. పొగలు కక్కే నీళ్లవి. పిన్ని చెంబు కింద పెట్టేసి, చీర కొంగుతో ఆయన కాలు తుడుస్తూ ఉండిపోయింది.

"ఈ సంగతి గుమ్మం దాటిందంటే నా ఉద్యోగం ఉండదు," అన్నాడు. మా ఇద్దరిలో ఎవరితో అన్నాడో తెలియలేదు.

తెల్లవారగానే నన్ను తాడు దగ్గరికి పిలిచి చెప్పులు విప్పమన్నాడు. తాడు దాటి పిచ్ మీదికి వెళ్లాను. అరికాలు కాదు, మడమ వెయ్యమన్నాడు. "తడి ఉంటే నేల నిన్ను కాస్త పట్టుకుంటుంది. లేకపోతే వదిలేస్తుంది. అంతే," అన్నాడు. అడుగడుగుకూ ఆగి చెప్పాను. పెవిలియన్ వైపు ఒకచోట ఇంకా పట్టుకుంటోందన్నాను. కవర్లు తీసేసి రోజంతా ఎండ తగలనిచ్చారు. సాయంత్రం మళ్లీ నడిచాను. ఎక్కడా పట్టుకోలేదు.

మ్యాచ్ రోజు పొద్దున్నే సెక్రటరీగారు వచ్చారు. మొన్నటిదే కదా అని గొంతు తగ్గించి అడిగారు. అలాగే సార్ అంటే సరిపోయేది. అబద్ధమని ఎవరు పట్టుకుంటారు?

"కాదు సార్. మొన్నటిది నా పొరపాటు. నా కాలికి స్పర్శ పోయింది, తడి తెలియలేదు. ఒక పిల్లాడి వేళ్లు విరిగాయి. ఈసారి మా అమ్మాయి నడిచి చూసింది. ఇది మంచి పిచ్."

సెక్రటరీగారు నా మట్టి కాళ్లవైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు. నాకు తల ఎత్తడం చేతకాలేదు.

ఆ రోజు బాబాయి స్కోరు చూడలేదు. సైట్‌స్క్రీన్ అనే పెద్ద తెర పక్కన అటూ ఇటూ తిరుగుతూ కీపర్ చేతులే చూశాడు. ప్రతి బంతీ నడుము ఎత్తులో వచ్చి కీపర్ చేతుల్లో పడింది. మనవాళ్లు రెండువందల డెబ్భై కొట్టారు. వాళ్లు ఆఖరి ఓవర్లో దాటేశారు. పిచ్ చేసినవాణ్ణి జనం నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ తిట్లన్నీ మా కంచె మీదుగానే పోయాయి. రేడియో అక్క నా చెవులు మూసింది, తను మాత్రం ఒక్కటీ వదలకుండా విని తర్వాత నాకు చెప్పింది.

వారం తిరక్కుండా టోపీ అన్నను హెడ్డు చేశారు. బాబాయిని ప్రాక్టీస్ నెట్ల వైపు వేశారు. నేను ఏ పని చెయ్యాలో ఎవరూ కాగితం ఇవ్వలేదు గానీ, పిచ్‌కు నీళ్లు పెట్టే రోజున టోపీ అన్న తాడు ఎత్తి పట్టుకుంటాడు. నేను కిందనుంచి దూరి వెళ్తాను.

పిన్ని పోరు పడలేక బాబాయి నాతో ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరుగారు సన్నటి సూది అరికాలికి ఆనిస్తూ, తెలుస్తోందా అని అడిగారు. లేదన్నాడు. ఇక్కడ? లేదు. బొటనవేలు దగ్గర? లేదు. చీటీ మీద స్టేడియం పేరు చూసి డాక్టరుగారు మొన్నటి మ్యాచ్ ఎత్తుకున్నారు. ఆ పిచ్ ఎవడు చేశాడో గానీ సిరీస్ పోగొట్టాడన్నారు. నేను నేలకేసి చూశాను.

"నేనేనండి," అన్నాడు బాబాయి. "బంతి రోజంతా నడుము ఎత్తులోనే వచ్చింది, చూశారా?"

డాక్టరుగారి సూది గాల్లోనే ఆగింది. చూశానని ఒప్పుకుని, మరి మనవాళ్లు ఎందుకు ఓడారని అడిగారు.

"వాళ్లు బాగా ఆడారండి."