చంద్రుని మీద తోలే బండికి బొట్టు

నిన్న ఆదోనిలో పాత సామాన్ల అంగడిలో ఒక ప్లాస్టిక్ బండి దొరికింది. ఆరు చక్రాలు, ముందు సగం జీపు, వెనక సగం రాకెట్టు. మన చిన్నప్పుడు తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మతో కలిపి అమ్మేవారు, గుర్తుందా? సైనికులు అందరి ఇళ్లలోనూ ఎప్పుడో పోయారు. మిగిలిన ఆ వింత బండ్లనే నేను వెతికి పోగుచేస్తుంటాను.

అంగడాయన దాన్ని తిప్పి చూసి, "అద్దం కింద ఎర్రగా ఏందో అంటుకుందన్నా. గీకి ఇస్తా ఉండు" అన్నాడు.

"గీకొద్దప్పా" అన్నాను.

ఎమ్మిగనూరులో మా నాయన పత్తి లారీ తోలేవాడు. నా చిన్నప్పుడు ఒక ఆయుధపూజ రోజు ఆయన లారీ కడిగి పసుపు కుంకుమ పెడుతుంటే, దాని వెనకే ఇలాంటిదే నా బొమ్మ బండిని కూడా తెచ్చి నిలబెట్టాను.

"ఇది యాడ తోలే బండిరా?"

"చంద్రుని మీద, నాయనా."

"అంత దూరం పోయే బండికి పూజ లేకుంటే ఎట్లప్పా."

నాయన నవ్వలేదు. వేలు తడిపి, అద్దం కింద బొట్టు పెట్టాడు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు మరీ పెద్దవయ్యాయని ఆరు పచ్చి శెనక్కాయ గింజలు పెట్టి, "ఇంక తోలు" అన్నాడు. గింజలు చితికి పాలు కారాయి.

ఆ బండి ఆ బొట్టుతోనే మా ఇంటి అలమారలో ఉంది. నిన్న దొరికిన దాని మీదున్నది ఇంకెవరి నాయనో పెట్టిన బొట్టు.

మీలో ఎవరిదైనా అయితే చెప్పండి. బండి మాత్రం ఇవ్వను. మీ నాయన గురించి చెబితే వింటాను.