కిటికీ పక్క చోటు

పొద్దున్నే టీ చిలకడం ఆ ఇంట్లో ఇద్దరి పని. పొడవాటి కొయ్య గొట్టంలో యూద్రొన్ మరిగిన టీ పోసి, ఉప్పూ వెన్నా వేసేది. మొగుడు కర్ర పట్టుకుని గుప్పు గుప్పుమని చిలికేవాడు. ఇరవై రెండేళ్ళు అంతే. ఇప్పుడు గొట్టాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఒక్కతే చిలుకుతోంది. తొలి గిన్నె తను తాగదు. కిటికీ పక్కన అతను కూర్చునే చోట, అతని కొయ్య గిన్నెలో పోసి పెడుతుంది. పోయినవాడికి నలభై తొమ్మిది రోజులు ఆకలీ దాహమూ తీరవు, ఇంటిచుట్టే తిరుగుతాడు. ఇవాళ్టికి ముప్ఫై ఎనిమిది. అన్నాళ్ళుగా ఆమె తల రుద్దుకోలేదు, పగడాలు పెట్టుకోలేదు, అతని పేరు నోట రానివ్వలేదు. పేరు వింటే వెళ్ళేవాడు వెనక్కి తిరుగుతాడు.

పై లోయలో గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల ఆమె. పాట రాదు, మాట తక్కువ. ఆమె చేతికి పేరు తెచ్చింది టీ ఒక్కటే. వచ్చినవాళ్ళు ఒక గుటక తాగి గిన్నె కింద పెడితే చాలు, మళ్ళీ అంచుదాకా నింపేది. యూద్రొన్ ఇంట్లో గిన్నె అడుగు చూసినవాడు లేడని ఊళ్ళో అనేవాళ్ళు. గిన్నె ఖాళీగా వదిలేశారంటే లేచి పొమ్మన్నట్టే కదా!

టీ చిలకడం అయిందో లేదో మరిది రబ్గా తలుపు తోసుకుని వచ్చాడు. వెంట పట్నం నుంచి ఫోటోలు తీసే లోడెన్. ఆ ఇంటిని యాత్రికుల బసగా మార్చాలని రబ్గా ఆలోచన. బస బాగుందని చూపడానికి ఫోటోలు కావాలి.

"వదినా, పెట్టెలోంచి పగడాలు తియ్. నడుముకి చారల గుడ్డ కట్టుకో."

"ముప్ఫై ఎనిమిదో రోజు," అంది యూద్రొన్.

"ఫోటోలో రోజులు కనబడవులే."

"మీ అన్నకి కనబడతాయి."

"అన్న పోయాడు. ఉన్నవాణ్ణి నేను. కాస్త నా మాట కూడా విను."

ఆమె పెట్టె వైపు చూడనైనా లేదు. జిడ్డు జుట్టుతో, మసి గౌనుతో అలాగే టీ కూజా పట్టుకుంది. ఎంత కిట్టనివాడైనా గడప దాటి వచ్చాక టీ పోయాలి. పోసింది.

"అక్కా, ఆవిరి బాగా వస్తోంది. కొంచెం నవ్వండి," అన్నాడు లోడెన్.

"ఆవిరి టీది. నవ్వు నాది కాదు."

లోడెన్ ఒక గుటక తాగాడు, ఆమె నింపింది. మళ్ళీ తాగాడు, మళ్ళీ నింపింది. చెయ్యి ఎత్తమన్నాడు, మొహం ఇటు తిప్పమన్నాడు. ప్రతిసారీ కెమెరా టక్కుమంది.

"ఇప్పుడు ఇంటి యజమాని కూడా ఉంటే బాగుంటుంది. కిటికీ దగ్గర వెలుతురుంది," అన్నాడు లోడెన్.

రబ్గా లేచాడు.

"అక్కడ వద్దు," అంది ఆమె.

"యాత్రికులు వచ్చి యజమాని ఎవరమ్మా అంటే ఏం చూపిస్తావ్? చల్లారిన గిన్నెనా?"

అన్న చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందున్న గిన్నె ఎత్తి, అన్నకి పెట్టిన టీ గటగటా తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు.

"ఇదిగో, ఆకాశమేం ఊడి పడలేదు. పోయ్."

లోడెన్ మొహం మాడింది. అతనూ ఈ గడ్డ మీద పుట్టినవాడే, అది ఎవరి గిన్నో తెలిసింది. "రబ్గా, అది..." అన్నాడు.

"నువ్వు తియ్యవయ్యా!"

తెలిసి కూడా లోడెన్ కెమెరా కంటికి ఆనించాడు. అది చూశాక యూద్రొన్‌కి ఇద్దరిలో ఎవడు ఎక్కువో, ఎవడు తక్కువో తేడా తెలియలేదు.

ఆమె గూట్లోంచి తన గిన్నె తీసుకుంది. అందులో అంచుదాకా టీ పోసి, పొయ్యి పక్కన, తను పడుకునే కంబళి మీద పెట్టింది. పోయినవాడి ఆకలికని నిప్పుల మీద చిటికెడు బార్లీ పిండి, వేలెడు వెన్న వేసింది. పొగ లేచింది.

రబ్గా నవ్వాడు. "అన్న కాపురం పొయ్యి దగ్గరికి మార్చాడా?"

"నువ్వు తోశావు, మార్చాడు. ఇక్కడ వెచ్చగా ఉంటుంది."

కూజాని మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించి, కింద రెండు పిడకలు వేసి, ఉన్ని బుట్ట ఒళ్ళోకి లాక్కుంది.

ఆమె పోస్తుంటే ఫోటో తీద్దామని లోడెన్ తన గిన్నె ఖాళీ చేసి ముందుకు జరిపాడు. రబ్గా కూడా అన్న గిన్నెని జరిపాడు. కొయ్య అడుగున రెండింట్లోనూ టీ ఆకు నలుసు అంటుకుని ఉంది.

"వదినా, పట్నం మనిషి ముందు పరువు తియ్యకు. పోయ్."

ఆమె ఉన్నిలోంచి ముళ్ళు ఏరుతోంది.

"నిన్నే! చెవుడా?"

"వినబడింది."

కూజా మూత టకటకా ఎగురుతోంది. లోడెన్ ముందు తన గిన్నెలోకి చూశాడు, తర్వాత తలుపు వైపు చూశాడు. కెమెరాని సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. రబ్గా కిటికీ పక్కన కదలకుండా కూర్చుని, గిన్నెని నేలకేసి కొడుతున్నాడు.

టీ పొంగి పిడకల మీద చుయ్యిమంది. యూద్రొన్ కూజా దించలేదు.