పాలు లేని గ్లాసు

ఈ ఉదయం మూకుడులో వేరుశనగ గుళ్లు చిటపటలాడుతుంటే ఆ కమ్మటి వాసన గోపాలపట్నంలోని మా చిన్న ఇల్లంతా పట్టేసింది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు ముక్కు చిట్లించారు. "పాలు తాగని పిల్ల ఎలా ఎదుగుతుందే? మళ్లీ ఆ గుళ్ల నీళ్లేనా?" అంటూ మా అమ్మాయి ముందు పాలగ్లాసు పెట్టారు. నాకు కోపం వచ్చింది, కోపం వెనకే నూకరత్నం మేడమ్ గుర్తొచ్చారు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పేవారు మేడమ్. భీమిలిలో చేపల వేటకు వెళ్లే ఇంట్లో పుట్టిన మనిషి. గూడ్సుబండి పోతున్నా ఆవిడ గొంతు మాకు వినపడేది. షెడ్డు నడిపే సంఘం ప్రెసిడెంటు గారు మాకు రోజూ పాలు పోయించేవారు. సాధన అవగానే అందరం వరసలో నిలబడి ఆయన కళ్లముందే గ్లాసు ఖాళీ చేయాలి. నాకేమో పాలు పడవు. కాసేపటికే కడుపు ఉబ్బి మెలిపెట్టేది. చెబితే జట్టులోంచి తీసేస్తారని పళ్లు బిగించి తాగేదాన్ని. జిల్లా ఎంపికలు దగ్గరపడ్డాయి. "సెలెక్టయితే ఆడుకో. నేకపోతే అన్నీ మానీసి కుట్టు మిషన్ నేర్చుకో" అని మా నాన్న తేల్చి చెప్పేశాడు.

ఒక సాయంత్రం పాలు తాగాక మేడమ్ ఇంకోసారి ఎత్తమన్నారు. బార్ నడుము దాకా వచ్చిందో లేదో కడుపులో పోటు పొడిచింది. వదిలేసి కూలబడ్డాను.

"ఏటే, పాలు పడవా నీకు? నిజం సెప్పు."

తలూపాను. ప్రెసిడెంటు గారు పెదవి విరిచారు. "పాలే అరగని పిల్ల బరువులేటి ఎత్తుతాదమ్మా? పేరు కొట్టీయండి."

"సేతుల్తో ఎత్తుతాది బాబూ, పాలగ్లాసుతో కాదు."

"అయితే రేపట్నుంచి పాలాపేస్తాను."

"ఆపీయండి," అన్నారు మేడమ్. హమ్మయ్య అనుకోవాల్సిన నాకు, నావల్ల అందరి పాలూ పోయాయని భయం పట్టుకుంది.

మర్నాడు ఆవిడ ఇంట్లోని మిక్సీని చంకన పెట్టుకొచ్చారు. మొదటిసారి గుళ్లు దండిగా పోశారు. అది గొంతు దిగలేదు. "ఇది షేకు కాదే, ఇడ్లీల్లోకి సట్నీ!" అని తనమీద తనే పగలబడి నవ్వారు. తర్వాత గుళ్లు గుప్పెడికి తగ్గించారు. దోరగా వేయించి, పొట్టు ఊదేసి, చుక్క నూనె పోయకుండా మెత్తటి ముద్దయ్యేదాకా తిప్పి, చల్లటి నీళ్లు, సగం అరటిపండు, చిటికెడు ఉప్పు వేసి మళ్లీ తిప్పారు. పైకి నురగ తేలింది. పాలు లేవు, పంచదార లేదు. తాగితే కడుపు తేలిగ్గా ఉంది, కాళ్లలో సత్తువ ఉంది.

పాలాపితే తనకే చెడ్డపేరనుకున్నారేమో, ప్రెసిడెంటు గారు మనసు మార్చుకుని పాలక్యాను మళ్లీ పంపించి, వెనకే తానూ వచ్చారు. మేడమ్ నా పక్కనే నిలబడి, ఆయన్ని చూస్తూ వేరుశనగ గ్లాసు గటగటా తాగేశారు. "ఎవులికి పడింది ఆళ్లు తాగండే. కడుపు మీది." వరసలోంచి ఒకమ్మాయి పాలగ్లాసు కింద పెట్టి మావైపు వచ్చింది. వెనకే ఇంకొకమ్మాయి వచ్చింది. ఇన్నాళ్లూ పళ్లు బిగించింది నేనొక్కదాన్నే కాదన్నమాట! ప్రెసిడెంటు గారు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ ఎంపికల్లో నేను ఎత్తాను, నెగ్గాను. కుట్టు మిషన్ ఊసు మా ఇంట్లో మళ్లీ రాలేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఉంటే మా అత్తగారికి తగిన జవాబు ఆవిడే చెప్పేవారు. నేను చెబుదామని నోరు తెరిచేలోపే మా అమ్మాయి పాలగ్లాసును అవతలికి జరిపింది.

"నాకు కడుపునొప్పి వస్తుంది నానమ్మా. తాగను."

ఆ వయసులో ఆ మాట నా నోట రాలేదు. నా తరఫున మేడమ్ అన్నారు. మా అమ్మాయి తనంతట తనే అనేసింది, కళ్లు కూడా దించలేదు. మా అత్తగారు మూతి ముడుచుకున్నారు, ముడుచుకోనీ. నేను వెళ్లి మిక్సీ వేశాను.