నాన్న నేర్పిన బౌలింగ్

ఇప్పుడుంటున్న అల్ఫారెట్టాలో వరసగా మీటింగులు అయ్యేసరికి నడుము పట్టేస్తుంది. ఆఫీస్ బాత్రూమ్‌లోకి వెళ్ళి నొప్పి మందు రాసుకుంటాను. ఆ కర్పూరం ఘాటు ముక్కుకి తగిలితే చాలు, ఉత్తరాన ఉన్న అరోరాలోని మా పాత ఇల్లు గుర్తొస్తుంది.

అక్కడ మా చలికాలాలు గరాజ్‌లో గడిచేవి. బయట మంచు మోకాళ్ళ లోతు పేరుకుని ఉంటే, నాన్న కారు బయటికి తీసి, గోడకి పాత పరుపు ఆనించి, నేల మీద చాక్‌పీసుతో గీత గీసి, ఉన్ని టోపీ పెట్టుకున్న నా చేత బౌలింగ్ చేయించేవారు. తెనాలిలో కాలేజీ క్రికెట్ టీమ్‌కి ఆడిన మనిషి ఆయన. తెలిసినవాళ్ళ పిల్లలంతా బేస్‌బాల్‌కో స్పెల్లింగ్ పోటీలకో వెళ్తుంటే, ఉన్న ఒక్క కూతుర్నీ ఫాస్ట్ బౌలర్‌ని చేద్దామనుకున్నారు. నాకూ అదంటే పిచ్చి. పరుపుకి బంతి తగిలిన చప్పుడు వంటింట్లో పోపు చిటపటలని మించి వినపడేదని అమ్మ విసుక్కునేది.

చలికోట్లు విప్పకుండానే ఉగాది పచ్చడి తిన్న కొన్నాళ్ళకి పార్కులో ఆదివారం మ్యాచ్‌లు మొదలయ్యేవి. అంకుల్స్ పిచ్ మీద పరిచే మ్యాటింగ్‌ని చాపచుట్టలా భుజాల మీద మోసుకొచ్చి, పరిచి, అంచులకి మేకులు కొట్టేవారు. ఆంటీలు అల్యూమినియం ట్రేలలో పులిహోర, ఫ్లాస్కుల్లో అల్లం టీ తెచ్చేవారు. తడిగడ్డి వాసనలో మిరపకాయ బజ్జీల వాసన కలిసిపోయేది. నా బంతికి బౌల్డ్ అయిన అంకుల్స్ బ్యాట్ చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు.

“ఇంకొక్క ఓవర్ వెయ్యి చిట్టీ,” అనేవారు నాన్న.

వేసేదాన్ని. సాయంత్రం నడుము సలిపితే అమ్మ నువ్వులనూనె వెచ్చచేసి రాసేది. మర్నాటికి మర్చిపోయేదాన్ని.

కాలేజీ వయసులో ఇంగ్లండ్‌లో మేనత్త ఇంట్లో ఉండి ఒక క్లబ్బుకి ఆడుతుంటే, అక్కడి కౌంటీ అమ్మాయిల జట్టువాళ్ళు చూసి తీసుకున్నారు. మొదటి మ్యాచ్‌లో, స్వెట్టర్ విప్పితే వణుకు పుట్టే చలిలో, నేను వేసిన బంతి లోపలికి తిరిగి ఆఫ్ స్టంప్‌ని పడగొట్టింది. ఫోన్ చేసి చెప్తే నాన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మని పిలిచారు. మరుసటి వేసవిలో ఒక పొద్దున, బంతి వదిలిన క్షణంలో నడుములో ఏదో తెగినట్టయి పిచ్ మీదే కూలబడ్డాను.

నాన్న విమానమెక్కి వచ్చారు. డాక్టర్ స్కాన్ చూపించి, ఎముకలో ఈ చీలిక కొత్తదనీ, దాని పక్కనున్నది చిన్నప్పటిదనీ, ఎదిగే వయసులో మితిమీరి బౌలింగ్ చేస్తే అలా వస్తుందనీ, ఇక ఆట మానేయడం మంచిదనీ చెప్పాడు. నాన్న ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత బయట తుంపరలో టాక్సీ కోసం నిలబడి, నా వైపు చూడకుండా అడిగారు.

“నొప్పిగా ఉందని నాకెందుకు చెప్పలేదమ్మా?”

“అందరికీ అలాగే ఉంటదనుకున్నా నాన్నా.”

ఆయన చెయ్యెత్తి టాక్సీ ఆపారు.

ఇప్పుడు అరోరాలో ఆ పార్కుని పికిల్‌బాల్ అనే టెన్నిస్ లాంటి ఆటకి కోర్టులు చేసేశారు. మ్యాటింగ్ దాచిన అంకుల్ డల్లాస్ వెళ్ళిపోయారు. అది ఏమయిందో ఎవరికీ తెలియదు. అమ్మానాన్నలు ఇల్లు అమ్మేసి మా దగ్గరే ఉంటున్నారు. ఎవరైనా టీవీలో మ్యాచ్ పెడితే నాన్న లేచి మొక్కలకి నీళ్ళు పెట్టడానికి వెళ్తారు. ఆ ఆదివారాల కంటే మంచి రోజులు నాకు లేవని ఎన్నోసార్లు చెప్పాను. తల ఊపుతారు. చెప్పి చెప్పి నాకూ ఓపిక అయిపోయింది.

మొన్న మా అమ్మాయి డ్రైవ్‌వేలో టెన్నిస్ బంతి పట్టుకుని పరిగెత్తుకొచ్చి వేసింది. దానికెవరూ నేర్పలేదు. చెయ్యి చెవి పక్కనుంచి నిటారుగా తిరిగింది. వరండాలో కూర్చున్న నాన్న చూశారు. ఏమైనా అంటారేమోనని ఎదురుచూశాను.

“ఎండగా ఉంది, లోపలికి రామ్మా,” అన్నారు.

అప్పటికి ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.