బీదరుకు పంపిన వెచ్చదనం

చేతులతో వైద్యం చేస్తానంటే నవ్వినవాళ్ళు చాలామంది. అందరికంటే ముందు నవ్వింది మా ఆయనే. "ఆ చేతులేవో ఫ్యానుకి చూపించు, కరెంటు బిల్లన్నా తగ్గుతుంది" అనేవాడు. ఆయన ఇక్కడ ఫ్యాక్టరీలో ఇంజనీరు. బోల్టు బిగిసిందో లేదో కంటికి కనపడే ఉద్యోగం. నాది కనపడదు. భీమవరం నుంచి జహీరాబాద్ వచ్చాక, పిల్లలు హాస్టళ్ళకు పోయి ఇల్లు బోసిపోయిన రోజుల్లో నేర్చుకున్నానీ హీలింగు. మనిషికి జానెడు దూరంలో అరచేతులు పెట్టి, దేవుడి శక్తిని వాళ్ళలోకి పంపాలి. పైసా తీసుకోకూడదు, అది సేవ. మనిషి ఎదురుగా లేకపోయినా చేయొచ్చన్నారు. ఇద్దరూ ఒక టైము అనుకుని, వాళ్ళక్కడా మనమిక్కడా కూర్చోవాలి. అందితే మన అరచేతులు వెచ్చబడతాయి. వాళ్ళు తేరుకునేకొద్దీ ఆ వేడి హాయిగా ఉంటుంది. నేను దాన్ని గుడ్డిగా నమ్మాను.

మా వీధి చివర గదిలో జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆవిడ ఉండేది. న్యాల్‌కల్ వైపు మనిషి, కూతుర్ని బీదరులో ఇచ్చింది. నేను రొట్టె కొట్టబోతే ముక్కలై ఊడి వచ్చేది. ఆవిడ పడీ పడీ నవ్వేది. "మీ దిక్కోళ్ళ చేతులకు అన్నం గలుపుడే వస్తది బిడ్డా!" అనేది. రొట్టెలు కొట్టీ కొట్టీ భుజం పట్టేసిందంటే, నేనే పీట వేసి కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకోమంటే ఒక్క కన్ను మూసింది.

"ముట్టకుండ గదేం జేసుడు? జర గట్టిగ పిసుకరాదు!"

"మాట్లాడకూడదు పెద్దమ్మా, ఊరుకో!" అని కసిరాను. కాసేపటికి కునుకు తీసింది. లేచి, "ఏం జేసినవో గని పానం నిమ్మళమైంది" అంది. ఆ ఒక్క మాటకే నేను పొంగిపోయాను. ఆ రోజు నుంచి ఆమె నాకు సొంత మనిషి.

నిరుడు ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తిప్పారు. మందులు మాననని ఆమె చేత ముందే ఒట్టు వేయించుకున్నాను, నాకు ఆ మాత్రం బుద్ధుంది. చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కూతురు వచ్చి బీదరు తీసుకుపోయింది. కారెక్కుతూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"నువ్వు పంపు బిడ్డా. పొద్దుమీకి ఐదు గొట్టంగనే నేను చేతులు చాపుకొని కూసుంట. మళ్ళొచ్చి నీకు రొట్టె నేర్పుత."

ఆ మనిషి నాకు బతకాలి. అంతకుమించి ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

రోజూ సాయంత్రం ఐదింటికి కూర్చునేదాన్ని. గుమ్మంలో ఎవరు పిలిచినా లేచేదాన్ని కాదు. మొదట్లో ఆవిడే ఫోను చేసి, "ఇయ్యాల జల్ది వచ్చినయ్ నీ చేతులు" అని నవ్వేది. తర్వాత గొంతు సన్నబడింది. తర్వాత కూతురే ఫోనెత్తి, "పండుకున్నది అక్కా" అనేది. ఇక నేనూ విసిగించడం మానేశాను. ఫోనెందుకు, నా చేతులే చెబుతున్నాయి కదా అనుకున్నాను.

ఒక సోమవారం, కూర్చోగానే అరచేతులు వేడెక్కాయి. ఎన్నడూ అంత హాయిగా లేదు. ఎక్కడా అడ్డు లేదు, బరువు లేదు. సంతోషంతో ఏడ్చేశాను. ఆయన ఇంటికి రాగానే టీ అయినా ఇవ్వకుండా, "తేరుకుందండీ! పెద్దమ్మకి ఈ పూట నొప్పే లేదు!" అన్నాను. ఆయన వెక్కిరించలేదు. "పోనీలే, మంచి మాట చెప్పావు" అన్నాడు. ఆ తర్వాత రోజులూ అలాగే ఉంది. వస్తే నేర్పుతుందని జొన్నపిండి పట్టించి డబ్బాలో పోసి ఉంచాను.

కొన్నాళ్ళకు కూతురు ఒక్కతే ఆటో దిగింది, గది ఖాళీ చేయడానికి. నేను గుమ్మంలోంచే, "అమ్మేదీ? తీసుకురాలేదా?" అని కేకేశాను. ఆ అమ్మాయి వచ్చి నా చేతులు పట్టుకుంది.

"అమ్మ పోయింది అక్కా. రెండు వారాల కింద, సోమారం పొద్దుగాలనే పానం ఇడిసింది."

"మరి నాకొక ఫోను చెయ్యరా? నేనేమైపోయాను?" అని అరిచాను.

"నేనే చెయ్యలే అక్కా. చెప్తే పంపుడు ఆపుతవని. చుట్టాల కోసం సాయంత్రం దాక ఇంట్లనే ఉంచినం. ఐదు గాంగనే అమ్మ చేతులు నేనే ఎల్లెలుకల, అరచేతులు మీదికొచ్చేటట్టు తిప్పి పెట్టిన. అమ్మ పోయే తొవ్వల సల్లబడకుండ పోవాలె గద." వెక్కుతూ నా ముఖంలోకి చూసింది. "అందినయా అక్కా?"

"అందాయమ్మా. చేతులు ఎంత వెచ్చబడ్డాయో ఆ రోజు."

అబద్ధం కాదు. ఆమె నన్ను కావలించుకుని బావురుమంది, తర్వాత మనసు తేలికపడి వెళ్ళిపోయింది. నేను గడపలోనే కూర్చున్నాను. నొప్పి లేదని నేను ఆనందంతో ఏడ్చిన సాయంత్రం ఆమెకు నిజంగానే నొప్పి లేదు. మరి అంతకుముందు రోజుల్లో ఆమె పడ్డ బాధ నా చేతులకు తెలిసిందా? తెలిసిందనుకున్నాను, అంతే.

ఇప్పుడూ భుజం నొప్పనో నడుం నొప్పనో ఎవరో ఒకరు వస్తారు. కాదనలేను, కూర్చోబెడతాను. అరచేతులు వెచ్చబడగానే చటుక్కున కళ్ళు తెరిచి, ఎదుట కూర్చున్న మనిషి ఊపిరి తీస్తోందో లేదో చూసుకుంటాను.