ఊరికి తిరిగొచ్చిన ఎక్స్‌రే

1949 ఎండాకాలం. సర్కారు ఆరోగ్యశాఖ నీటి పరీక్షల బృందంలో నేను ల్యాబ్ అసిస్టెంటును. మాది కోదాడే అయినా అప్పుడు మకాం సూర్యాపేటలో. అటు మిర్యాలగూడ దాకా చాలా పల్లెల్లో నలభై ఏళ్లకే మనుషుల నడుములు వంగిపోయేవి. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. కారణం ఫ్లోరైడ్ అని మా డాక్టరు గారి అనుమానం. అది నేలలోని రాళ్ల నుంచి నీళ్లలో కలుస్తుంది. కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. బావి నీళ్ల శాంపిల్‌లో రియేజెంట్ అనే ఎర్రటి మందు కలిపి, అది పసుపుకు ఎంత తిరిగిందో చూసి రాయడం నా పని. పసుపు ఎంత ఎక్కువైతే ఫ్లోరైడ్ అంత ఎక్కువ.

చివ్వెంల దాటాక ఒక చిన్న ఊరికి పోయాం. ఆ రోజుల్లో జీపు కనపడితే మిలిటరీ వచ్చిందని జనానికి భయం. వాడంతా తలుపులేసుకుంది. బయట ఒక్క మనిషి మిగిలింది. సగానికి వంగిన నడుము, చేతిలో కర్ర.

"నీకు భయం లేదా అమ్మా?" అన్నాను.

"భయముంది సారూ. ఉరుకుదామంటే నడుమే వస్తలేదు" అని నవ్వింది.

ఆమె పేరు లచ్చమ్మ. కూలికి పోయే మనిషి. మేమెందుకొచ్చామో విని, తనే ఇంటింటికీ తిరిగి తలుపులు తీయించింది.

వాడ బావి శాంపిల్ చిక్కటి పసుపుకు తిరిగింది. ఇంటింటా నొప్పులే. ఒక్క ఇంట్లో మాత్రం నలుగురు పిల్లలకూ పళ్లు తెల్లగా ఉన్నాయి. తల్లిదండ్రులు నిటారుగా నడుస్తున్నారు. బావి ఒక్కటే అయినప్పుడు ఇదెలా? లెక్క కుదరక నా జాబితాలోంచి ఆ ఇంటిని కొట్టేయబోయాను.

"ఏం గీకుతున్నవు సారూ?" అంది లచ్చమ్మ. చెప్పాను.

"అయ్యో, ఆళ్లు మా బావి నీళ్లు తాగితే గద! ఆయన పటేలు కాడ పాలేరు. చెరువు కట్ట కింద పటేలు మోటబావి ఉంటది. పొద్దుగాల పనికి పోయినప్పుడు ఆడికెల్లే కడవ తెస్తడు. పెండ్లయిన కాడికెల్లి గంతే."

ఎడ్లతో మోట తోలి నీళ్లు తోడే ఆ బావి నుంచి నీళ్లు తెచ్చి రియేజెంట్ వేశాను. ఎరుపు దాదాపు అట్లాగే ఉంది. నా తొందర తలుచుకుంటే సిగ్గేసింది. నేను కొట్టేయబోయిన ఇల్లే మాకు కావలసిన రుజువు. ఎవరింటికి ఏ నీళ్లు, ఎన్నేళ్ల నుంచి అన్నది మేమక్కడున్న రెండు రోజులూ ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆమె ఒక్కచోటా తడబడలేదు.

ఇక ఎముకలు చూడాలి. హైదరాబాద్ దవాఖానకు రమ్మంటే ఎవరూ కదల్లేదు. లచ్చమ్మ వచ్చింది. ఎక్స్‌రే బల్ల మీద వెల్లకిలా పడుకోలేకపోతే పక్కకు తిప్పి తీశారు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి, సున్నపు ముద్దలా తెల్లగా కనిపించాయి.

"ఇది నయం కాదు లచ్చమ్మా" అన్నారు డాక్టరు గారు. అబద్ధమాడే మనిషి కాదాయన.

ఆమె ఆ ఫిల్మ్ వైపు చూసింది. "మంచిది సారూ. నా బతుకు గిట్లనే ఎల్లిపోతది. మరి మా పోరగాండ్లకు?"

"నీళ్లు మారిస్తే వాళ్లకు రాదు."

"అయితే ఆ బొమ్మ నాకియ్యుండ్రి. మా ఊళ్లె సూపిస్త."

దవాఖాన రికార్డు బయటికివ్వకూడదు. డాక్టరు గారు పై అధికారికి చీటీ రాసి, బాధ్యత తన మీద వేసుకుని ఇప్పించారు.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు ఆమె పటేలు మోటబావి దగ్గరికి నడిచింది. వెనక వాడ ఆడవాళ్లు, వాళ్ల వెనక మేము. ఫిల్మ్‌ను ఎండకెత్తి పట్టింది.

"పటేలా, గిది నా ఎన్నుపూస. వాడ బావి నీళ్లు చేసిన పని. మా పిల్లలకు తాగేటందుకు నీ బావి నీళ్లియ్యి."

"మోట తోలేటప్పుడు ఇంతమంది అడ్డమొస్తే పనెట్లయితది?" అన్నాడు పటేలు.

"మోట ఆగినంకనే వస్తం."

అతను డాక్టరు గారి వైపు తిరిగాడు. "నా బావి నీళ్లు అంత మంచియా?"

"ఈ ఊళ్లో ఇంతకంటే మంచి నీళ్లు లేవు."

పటేలు మీసం సవరించుకున్నాడు. "సరే, తోడుకోండ్రి" అన్నాడు. ఆ మాట వెనక దయ ఎంతో, గర్వం ఎంతో నాకు తెలియదు. కడవలు మాత్రం నిండాయి.

అప్పటిదాకా శాంపిళ్లు తెచ్చి, రిపోర్టు పైకి పంపితే మా పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఊరివాళ్లు ఏం తెలుసుకున్నారని ఎప్పుడూ అడగలేదు. లచ్చమ్మ తనకు ఏ మేలూ లేదని తెలిసీ తన ఎముకల బొమ్మను ఊరికి మోసుకొచ్చింది. ఆ తర్వాత పాలకీడు వైపైనా, మిర్యాలగూడ వైపైనా, ఏ ఊరికి పోయినా ఎవరింటికి ఏ బావి నీళ్లని నీళ్లు మోసే ఆడవాళ్లనే ముందు అడిగాను. పరీక్ష ఫలితం వాళ్లకు చెప్పకుండా ఏ ఊరి నుంచీ జీపెక్కలేదు.