గేటు లోపల మేడం

2009 ఆగస్టులో అల్ ఖోబర్ శివార్లలోని ఒక ప్రైవేటు ఇండియన్ స్కూలులో, బాలికల విభాగంలో గణితం టీచరుగా చేరాను. నాకిచ్చినవి తొమ్మిది, పది తరగతులు. నియామక పత్రంలో నా హోదా ‘సెకండరీ టీచర్, లోకల్ హైర్’ అని ఉంది. లోకల్ హైర్ అంటే స్కూలు వీసా పంపి ఇండియా నుంచి రప్పించుకున్న టీచరు కాదు. భర్త వెంట వచ్చి ఆ ఊళ్ళోనే ఉంటున్న ఆడమనిషిని అక్కడికక్కడే తీసుకున్నారని అర్థం. మా ఆయన రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. మాది జగిత్యాల. పెళ్ళికి ముందే బీఎడ్ చేసి అక్కడి హైస్కూలులో పాఠాలు చెప్పిన అనుభవం ఉండడంతో నాకు ఉద్యోగం సులువుగానే దొరికింది.

ఖోబర్ వెళ్ళేదాకా నేను సముద్రం చూడలేదు. మా ఫ్లాటు వంటింటి కిటికీలోంచి చూస్తే రెండు భవనాల సందులో నీలంగా చీర అంచంత కనిపించేది. మొదటి ఏడాది ఆ సందు చూస్తూ పాలు పొంగించిన రోజులు చాలా ఉన్నాయి. ఎండలు మాకు కొత్త కాదు. జగిత్యాల మే నెల చూసిన మనిషికి ఎండ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఏడాదిలో ముప్పాతిక భాగం ఆకాశంలో మబ్బన్నదే లేకుండా ఉండే ఊరు మాత్రం కొత్తే. సాయంత్రం చల్లబడ్డాక సముద్రపు ఒడ్డున కట్టిన కార్నిష్ దారి వెంట గడ్డి మీద చాపలు పరుచుకుని అన్ని దేశాల కుటుంబాలూ కూర్చునేవి. మేమూ పులిహోర డబ్బా పట్టుకుని పోయేవాళ్ళం. పరాయి ఊరన్న సంగతి మరిచిపోవడానికి అంతకంటే ఏం కావాలి?

మరిచిపోనివ్వనిది ఒక్క కార్డే. అక్కడ నివాస అనుమతి కార్డును ఇకామా అంటారు. మా ఆయన ఇకామాలో వృత్తి దగ్గర ఇంజనీరు అని ఉండేది. నా దాంట్లో ‘మురాఫిక్’ అని ఉండేది, అంటే వెంట వచ్చిన మనిషి. దాని పక్కనే, పని చేయడానికి అనుమతి లేదని కూడా అరబ్బీలో ఉండేది. నాకు అరబ్బీ చదవడం రాదు కనుక అది నన్ను పెద్దగా బాధించలేదు. స్కూలుకూ బాధ లేదు. బాలికల విభాగంలో సగానికి పైగా టీచర్లం మురాఫిక్‌లమే.

2013లో ఆ నిశ్చింత పోయింది. నితాకత్ అన్న విధానం అంతకు ముందే వచ్చింది. సౌదీ పౌరులను ఎంతమందిని పెట్టుకున్నారో లెక్కచూసి ఒక్కో సంస్థకూ ఒక్కో రంగు ఇచ్చేవారు. ఎరుపు, పసుపు రంగుల్లో పడ్డవాళ్ళకు కొత్త వీసాలు రావు. మా స్కూలు పసుపు. ఆ ఏడాది తనిఖీలు కూడా మొదలయ్యాయి. ఏ కఫీల్, అంటే ఏ యజమాని పూచీ మీద వచ్చారో అతని దగ్గరే పని చేయాలి, కార్డులో రాసిన పనే చేయాలి. మా జిల్లావాళ్ళు ఎందరో పనులు మానుకుని గదుల్లో తలుపులు వేసుకున్నారు. మా మట్టుకు దొరికితే స్కూలుకు జరిమానా, మా ఆయన పేరు మీద కేసు, ఆ పైన కుటుంబమంతటికీ ఎగ్జిట్, అంటే దేశం విడిచి పొమ్మనడం. మళ్ళీ ఆ దేశం గడప తొక్కే పని ఉండదు.

స్కూలు యాజమాన్యం ఒక పద్ధతి ఆలోచించింది. తనిఖీవాళ్ళు గేటు దగ్గరికి రాగానే ‘లైబ్రరీ పుస్తకాలు వెంటనే తిరిగి ఇవ్వవలెను’ అని మైకులో వినబడుతుంది. అది విన్న మురాఫిక్ టీచర్లు క్లాసు వదిలి, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా వేసుకుని, ముఖం కప్పుకుని బయటికి రావాలి. పిల్లలు లేనివాళ్ళు వెనక నిలిపిన బస్సుల్లో కూర్చోవాలి. అదే స్కూలులో పిల్లలు చదువుతున్నవాళ్ళు రిసెప్షన్‌లో తల్లిదండ్రుల కుర్చీల్లో కూర్చోవాలి. పిల్లల చదువు గురించి కనుక్కోవడానికి వచ్చామని చెప్పాలి. ఈ ఏర్పాటు మాకు వివరించింది మా విభాగం సూపర్‌వైజర్ రజియా మేడం. ఆమెది హైదరాబాదు. స్కూలు వీసా మీదే వచ్చింది కనుక ఆమెకు భయం లేదు. మా అమ్మాయి శ్రావ్య అప్పుడు అదే స్కూలులో నాలుగో తరగతి.

“మీకేం ఫికర్ మేడం, మీరు అస్లీ పేరెంటే గద! అబద్ధం గూడ చెప్పే పని లేదు,” అంది రజియా నవ్వుతూ. నిజమేననిపించింది. బస్సులో మగ్గే వాళ్ళకంటే నా పరిస్థితి మేలనుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక రోజు ఉదయం, పదో తరగతికి త్రికోణమితి పరీక్ష పెట్టి ప్రశ్నపత్రాలు పంచుతుండగా లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇమ్మని మైకు అరిచింది. నా చేతిలో ఇంకా కొన్ని పత్రాలు ఉన్నాయి. వాటిని ముందు బెంచీ అమ్మాయి చేతిలో పెట్టి, మీరే రాసుకోండని చెప్పి బయటికి వచ్చాను. పదిహేనేళ్ళ పిల్లలకు లైబ్రరీ పుస్తకాల సంగతి తెలియదనుకోవడం మా పిచ్చి. వాళ్ళు తలలు వంచుకున్నారు. నన్ను చూడకపోవడమే మర్యాద అని ఆ పిల్లలకు తోచింది. ఆ మర్యాద చూసి నా ముఖం మండిపోయింది. కప్పుకోవడానికి నల్లటి గుడ్డ ఉండడం ఆ క్షణాన నయమే అయింది.

కంగారులో నా బ్యాగు స్టాఫ్‌రూములోనే వదిలేశాను. డబ్బులు, ఫోను, ఇంటి తాళంచెవి అన్నీ అందులోనే ఉన్నాయి. ఇకామా మాత్రం అబాయా జేబులో ఉంది. రిసెప్షన్‌లో కూర్చున్నాను. కార్మిక శాఖ నుంచి ఇద్దరు సౌదీ మహిళలు వచ్చారు. ఒకామె పెద్దది, ఇంకొకామె ఇంకా పాతికలోనే ఉన్నట్టుంది. రజియా వాళ్ళకు ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టి, రిజిస్టర్లు చూపిస్తోంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కదలకుండా ఉన్నాను.

అప్పుడే నాలుగో తరగతి పిల్లలు డ్రాయింగ్ గది నుంచి వరుసగా వచ్చారు. మా శ్రావ్య పొట్టిది, అందుకని వరుసలో ముందు ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టీచర్ల పిల్లలు అదే బడిలో చదివితే వచ్చే చిక్కులు టీచర్లందరికీ తెలుసు. మార్కులు వేయించుకున్నారంటారు, మొదటి బెంచీలో కూర్చోబెట్టారంటారు. కేజీలో ఉన్నప్పుడు శ్రావ్య నన్ను చూసి పరుగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకునేది. ఇద్దరు తల్లులు అది చూసి ప్రిన్సిపాల్‌తో ఏదో అన్నారట. ఆ రోజే ఇంటికెళ్ళి దానికి నేర్పాను: గేటు లోపల అమ్మ లేదు, మేడం. నేను నేర్పిన తీరు కూడా కఠినమే. అమ్మా అని పిలిస్తే పలికేదాన్ని కాదు. కొన్నాళ్ళకు అది ఎంత బాగా నేర్చుకుందంటే, ఆటల్లో పడి మోకాలు చీరుకుపోతే నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, “మేడం, రక్తం కారుతోంది” అని ఇంగ్లీషులో చెప్పింది. ఆ మాట నేను స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ముఖం కప్పుకున్నా అబాయాలో ఉన్నది ఎవరో కన్నకూతురికి తెలియకుండా ఉంటుందా? శ్రావ్య నా ఎదురుగా ఆగింది. వెనక వరుసంతా ఆగింది. అది చేతులు కట్టుకుని, “గుడ్ మార్నింగ్ మేడం” అంది. వెంటనే క్లాసు మొత్తం రాగం తీసి “గుడ్ మార్నింగ్ మేడం” అని పాడింది.

పెద్ద ఇన్‌స్పెక్టర్ తల తిప్పింది. దగ్గరికి వచ్చి, మీరు టీచరా అని ఇంగ్లీషులో అడిగింది. కాదు, ఈ పాప తల్లిని అన్నాను. ఆమె ఇకామా అడిగింది. అందుకునేటప్పుడు నా వేళ్ళకంటిన మార్కర్ సిరా మీద ఆమె చూపు ఆగింది. కార్డు చదువుకుని శ్రావ్య వైపు వంగి, ఈమె మీ అమ్మేనా అని నెమ్మదిగా అడిగింది.

శ్రావ్య నా వైపు చూసింది. బడిలో ఏం చెప్పాలన్నా ముందు నా కళ్ళలోకి చూడడం దానికి అలవాటు. నేను తలూపాను. కానీ దేనికి తలూపానో దానికెలా తెలుస్తుంది? పాపం, బాగా ఆలోచించి, నేను నేర్పిన పాఠం నేర్పినట్టే ఇంగ్లీషులో అప్పజెప్పింది.

“గేటు బయట అమ్మ. ఇక్కడ మేడం.”

చిన్న ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వింది. పెద్దామె నవ్వలేదు. నేను వెంటనే తెలుగులో, “అమ్మ అని చెప్పు శ్రావ్యా, అమ్మ అని చెప్పు” అన్నాను. అంతమందిలో ఒక తల్లి తన బిడ్డను అలా బతిమాలుకోవడం నేనింకెక్కడా చూడలేదు. దానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది కొత్త పరీక్ష, జవాబు ఎవరూ చెప్పలేదు.

పెద్దామె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కార్డు నా చేతికి తిరిగి ఇచ్చి, అరబ్బీలో రజియాతో ఏదో చెప్పి, మళ్ళీ రిజిస్టర్ల దగ్గరికి పోయి కూర్చుంది.

“తల్లైతే బిడ్డను తీస్కొని ఇప్పుడే ఇంటికి పొమ్మంటున్నది,” అంది రజియా గొంతు తగ్గించి. “ఇంక ఒక్క మాట గూడ మాట్లాడకుండ్రి మేడం. పోండ్రి, పోండ్రి.”

బ్యాగు కోసం స్టాఫ్‌రూముకు పోలేను. పిల్ల చేయి పట్టుకుని ఎండలో గేటు వైపు నడిచాను. పై అంతస్తు కిటికీల్లో మా పదో తరగతి ఉంది. నేను తల ఎత్తలేదు. రోజూ సలాం చెప్పే గార్డు, వాడికిచ్చిన ఆజ్ఞ ప్రకారం, నేనెవరో తెలియనట్టు పక్కకు చూశాడు.

గేటు బయట స్కూలు వ్యాను డ్రైవరు మస్తాన్ ఉన్నాడు. కడప మనిషి. నన్ను చూడగానే, “రాండి మేడం, నేను దింపుతా. ఎవురన్నా నిలబెడితే పాపకు జరమొచ్చిందని చెప్తాలే,” అని తలుపు తీశాడు. అతని ఫోనులోంచే మా ఆయనకు చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట, “నీ పేరు రాసుకున్నరా?” లేదన్నాను. “అయితే బతికినం. ఇంకో తాళంచెవి నా దగ్గరున్నది. వచ్చేదాక నీడకు కూసోండ్రి.”

మస్తాన్ మమ్మల్ని మా వీధి చివర కార్నిష్ దగ్గర దించి వెళ్ళాడు. ఆ వేళప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. సిమెంటు గొడుగు నీడలో ఇద్దరం కూర్చున్నాం. సముద్రం ఎండకు మెరిసి కళ్ళు తెరవనివ్వడం లేదు. ఎప్పుడూ అక్కడికి రాగానే చెప్పులు విడిచి పరుగెత్తే పిల్ల యూనిఫారంలో బిగుసుకుని కూర్చుంది. బూట్ల వైపు చూస్తూ అడిగింది.

“మేడం, నేను తప్పు చెప్పిననా?”

గేటు దాటి ఎంత దూరం వచ్చామో దానికి తెలుసు. అయినా మేడం అనే అంది. నాకు ఏడుపొచ్చింది. తప్పు చెప్పలేదు బిడ్డా, ఇక్కడ అమ్మ అనొచ్చు అన్నాను. అది నన్ను అనుమానంగా చూసి, “మళ్ల ఆ ఆంటీ వస్తే ఏమనాలె?” అని అడిగింది.

ఆ ఇన్‌స్పెక్టర్ నా గురించి ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదో నేను చెప్పలేను. ఆ తరువాత కొంతకాలానికి, కుటుంబ వీసా మీద ఉన్నవాళ్ళు ప్రైవేటు స్కూళ్ళలో చెప్పడానికి ప్రభుత్వమే ఒక అనుమతి పత్రం ఇచ్చింది. అది తీసుకుని, ముఖం కప్పుకోకుండా పాఠాలు చెప్పాను. 2017లో కుటుంబ సభ్యుల మీద లెవీ వచ్చింది. ఇంట్లో తలకింతని కట్టి ఇకామాలు రెన్యూ చేయించుకోవాలి, అది ఏటేటా పెరిగేది. క్లాసులు ఖాళీ అవుతూ వచ్చాయి. చివరికి మేమూ మా అంతట మేమే ఎగ్జిట్ వేయించుకుని వచ్చేశాం. జగిత్యాలలో ఒక ప్రైవేటు హైస్కూలులో కొన్నేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి మానుకున్నాను.

అక్కడ ఒక కొత్త టీచరు, తన కొడుకు బడిలో తనను మేడం అనే పిలుస్తాడని నాతో సంతోషంగా చెప్పింది. ఆ అలవాటు మాన్పించమన్నాను. ఎందుకని ఆమె అడిగితే కారణం చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. నా కార్డు మీద మురాఫిక్ అని రాసింది అక్కడి ప్రభుత్వం. వాళ్ళ చట్టం వాళ్ళది, దానికి నేను సిగ్గుపడనక్కర్లేదు. గేటు లోపల నా బిడ్డకు అమ్మ లేదని ఏ ప్రభుత్వమూ రాయలేదు. ఆ రూలు నాదే.